యాదిమరుపు వెనుక రంది

మన ఆదిలాబాద్ వైపు రెండు మాటలున్నాయి. ఒకటి యాదిమరుపు, రెండోది రంది. పొయ్యి మీద పాలు పెట్టి సంగతే మరచిపోతే, తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతే యాదిమరుపు అంటాం. పత్తికి ధర రాకపోయినా, బిడ్డ కాపురం సరిగా లేకపోయినా, కొడుకు దూరదేశం వెళ్ళిపోయినా మనసులో పెట్టుకుని కుమిలిపోతుంటే రంది అంటాం. "రంది పెట్టుకున్నది, అందుకే బువ్వ తింటలేదు" అన్న మాట వినని ఇల్లాలు మన జిల్లాలో ఉండదేమో!

ఈ రెండూ వేరు వేరు సంగతులని మనం అనుకుంటాం. ఒకటి మెదడుకి సంబంధించింది, రెండోది మనసుకి సంబంధించింది అని గీత గీసేస్తాం. కానీ వయసు మళ్ళినవారిలో చాలాసార్లు ఈ రెండూ కలిసే వస్తాయి. అలా వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళకి యాదిమరుపు ఒక్కటే కనిపిస్తుంది, రంది కనిపించదు. మరికొందరిలో ఉన్నది రంది మాత్రమే. దాన్ని చూసి మనం యాదిమరుపు అనుకుని, "ముసలితనం గదా, ఇంక గంతే" అని వదిలేస్తాం. ఎటు పొరపాటు పడినా నష్టపోయేది తన బాధ తాను చెప్పుకోలేని ఆ పెద్ద ప్రాణమే.

అల్జీమర్స్ జబ్బు ఉన్నవాళ్ళలో డిప్రెషన్ కూడా ఉంటే మెదడు పనితీరులో ఏం మార్పు వస్తుందో శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళుగా పరిశోధిస్తున్నారు. అది డాక్టర్లకే పరిమితమైన విషయం అనుకోకండి. ఇంట్లో అత్తగారినో, తల్లినో, నాయనమ్మనో చూసుకునే ప్రతి స్త్రీకీ పనికొచ్చే విషయమే అది.

ముసలితనం కాదు, జబ్బు

అల్జీమర్స్ అన్నది ఒక డాక్టరు గారి పేరు. ఆయన జర్మనీ దేశస్థుడు, ఆలోయిస్ అల్జీమర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని ఆసుపత్రికి ఆగస్టే డేటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని తీసుకొచ్చారు. ఆవిడ అన్నీ మరచిపోయేది. భర్త మీద అకారణంగా అనుమానపడేది. తన పేరు కూడా సరిగా రాయలేకపోయేది. 1906లో ఆవిడ చనిపోయాక, ఆమె మెదడుని అల్జీమర్ మైక్రోస్కోపు కింద పరీక్షించాడు. నరకణాల మధ్యలో ఏవో గట్టి మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారపు పోగుల్లాంటివి కనిపించాయి. అదే ఏడాది నవంబరులో డాక్టర్ల సభలో ఆ సంగతి చెప్పాడు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ అనే ప్రొఫెసర్ తన వైద్య గ్రంథంలో ఈ జబ్బుకి అల్జీమర్ పేరు పెట్టాడు.

ఆ మచ్చలు అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుపోవడం వల్ల వస్తాయనీ, ఆ చిక్కులు టౌ అనే మరో ప్రొటీన్ వల్ల ఏర్పడతాయనీ ఆ తర్వాత తెలిసింది. జబ్బు బయటపడటానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే మెదడులో ఇది మొదలవుతుంది. కొత్త సంగతుల్ని దాచిపెట్టే హిప్పోకాంపస్ అన్న భాగం మొదట్లోనే దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్నది మరచిపోయిన ముసలమ్మ, తన పెళ్ళినాటి ముచ్చట్లు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. "పాతవన్నీ యాదికుంటయి, ఇప్పటివి యాదికుండయా? అంతా నటన" అనే కోడళ్ళూ కొడుకులూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అందులో నటన ఏమీ లేదు.

ఇది అందరికీ వచ్చే ముసలితనమూ కాదు. తొంభై ఏళ్ళ వయసులోనూ చిట్టీల లెక్క పైసాతో సహా చెప్పే అవ్వలు మన ఊళ్ళలో లేరా?

మెదడు ఆకలి

మన శరీరం బరువులో మెదడు బరువు సుమారు రెండు శాతమే. కానీ శరీరం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు ఇరవై శాతం అదే తీసుకుంటుంది. మెదడుకి ముఖ్యమైన ఆహారం గ్లూకోజు. ఏ భాగం చురుగ్గా పనిచేస్తే ఆ భాగం ఎక్కువ గ్లూకోజు తీసుకుంటుంది. పనిచేయని భాగం తక్కువ తీసుకుంటుంది. పెట్ స్కాన్ అనే యంత్రం ఈ తేడానే పట్టుకుంటుంది. రక్తంలోకి కొద్దిగా రేడియోధార్మిక గుర్తు పెట్టిన గ్లూకోజు ఎక్కించి, అది మెదడులో ఎక్కడెక్కడ ఎంతెంత చేరిందో ఫోటో తీస్తారు. రాత్రిపూట గుట్టెక్కి చూస్తే ఊళ్ళో ఏ వాడలో దీపాలు వెలుగుతున్నాయో, ఏ వాడలో కరెంటు పోయిందో తెలిసినట్టే అన్నమాట.

అల్జీమర్స్ ఉన్నవారి మెదడులో ప్రధానంగా వెనక వైపు, పక్కల వైపు ఉండే భాగాల్లో ఈ దీపాలు మసకబారతాయి. అవి జ్ఞాపకానికీ, దారులు గుర్తుపట్టడానికీ, మాటకీ సంబంధించిన భాగాలు. మరి అదే మనిషికి డిప్రెషన్ కూడా ఉంటే?

1998లో జపాన్ పరిశోధకులు ఇదే పరీక్షించారు. అల్జీమర్స్ ఉండి డిప్రెషన్ కూడా ఉన్నవారినీ, డిప్రెషన్ లేనివారినీ పెట్ స్కాన్‌తో పోల్చి చూశారు. డిప్రెషన్ ఉన్నవారిలో మెదడు ముందు భాగం, అంటే నుదుటి వెనక ఉండే ఫ్రాంటల్ భాగంలో కూడా గ్లూకోజు వాడకం తగ్గినట్టు కనిపించింది. దానితోపాటు ఎడమవైపు సింగ్యులేట్ అనే భాగపు ముందు కొసలో కూడా తగ్గింది. ఏదైనా పని మొదలుపెట్టాలన్న ఉత్సాహం, ఇది బాగుంది అన్న సంతోషం, దుఃఖాన్ని అదుపులో పెట్టుకునే శక్తి, ఇవన్నీ ఎక్కువగా ఈ ముందు భాగాలతో ముడిపడినవే.

అంటే ఏమిటి? ఒక వాడలో కరెంటు పోయింది అనుకున్నాం, చూస్తే రెండో వాడలో కూడా పోయింది. మరుపు వచ్చిన మనిషి ఏడుస్తూ కూర్చుంటే, లేచి స్నానానికి రమ్మన్నా కదలకపోతే, "కావాలనే సతాయిస్తున్నది" అనేస్తాం. కానీ లేవాలి అనిపించే శక్తి పుట్టే చోటే మెదడులో నీరసించిపోయి ఉండొచ్చు.

మెదడు కింది భాగంలో, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, నీలం రంగులో ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. లోకస్ సెరూలియస్ అని దాని పేరు. ఆ పేరుకి అర్థం కూడా నీలి చోటు అనే. మనల్ని చురుగ్గా, మెలకువగా ఉంచే నారడ్రెనలిన్ అనే రసాయనాన్ని మెదడంతటికీ పంచేది ఇదే. టౌ ప్రొటీన్ చిక్కులు అన్నిటికంటే ముందుగా చేరే చోట్లలో ఇది ఒకటి. అల్జీమర్స్‌తో పాటు డిప్రెషన్ కూడా ఉండి చనిపోయినవారి మెదళ్ళను 1988లో పరిశీలించినప్పుడు, ఈ నీలి చోటులోని కణాలు మిగతా రోగుల కంటే ఎక్కువగా నశించినట్టు కొందరు పరిశోధకులు గుర్తించారు. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ ఈ మాటని బలపరచలేదు. కాబట్టి దుఃఖానికి కారణం ఇదొక్కటే అని చెప్పడానికి లేదు. అయినా దుఃఖానికి మెదడులోనే వేరు ఉండొచ్చన్న సంగతి మాత్రం ఈ పరిశోధనల వల్లే వెలుగులోకి వచ్చింది.

తలకి వైర్లు అంటించి తీసే ఇ.ఇ.జి. పరీక్ష మీలో చాలామంది చూసే ఉంటారు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న మెదడులో సెకనుకి 8 నుంచి 13 సార్లు లేచే ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి. అల్జీమర్స్‌లో ఈ తరంగాలు నెమ్మదిస్తాయి. అంతకంటే నిదానమైన తీటా తరంగాలు పెరుగుతాయి. అయితే ఈ స్కాన్లూ తరంగాలూ చూసి మాత్రమే ఫలానా అవ్వకి రంది ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. అది పక్కన కూర్చుని మాట్లాడి, ఇంట్లోవాళ్ళని అడిగి తెలుసుకోవాల్సిందే. దానికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు.

ముందు రంది వచ్చిందా, మరుపు వచ్చిందా?

"మొగుడు పోయిన రందిల మతి తప్పింది" అని మన పెద్దవాళ్ళు అంటారు. నిజమేనా? సగం నిజం అంటారు వైద్యులు. ఇక్కడ మూడు దారులున్నాయి.

మొదటిది, కొందరిలో డిప్రెషన్ అన్నది రాబోయే అల్జీమర్స్‌కి ముందస్తు గుర్తు. ఎప్పుడూ లేనిది అరవై దాటాక మొదటిసారి డిప్రెషన్ వస్తే, మెదడులో లోలోపల మొదలైన మార్పు అలా బయటపడుతూ ఉండొచ్చు. రెండోది, నడివయసులో వచ్చి చికిత్స లేకుండా ఏళ్ళ తరబడి సాగిన డిప్రెషన్ తర్వాతి కాలంలో మతిమరుపు జబ్బుకి అవకాశం పెంచుతుంది. లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో మతిమరుపు జబ్బులకు దారితీసే 14 కారణాలు చెప్పింది. చదువు తక్కువ కావడం, చెవుడు, చూపు తగ్గడం, బి.పి., షుగరు, కొలెస్ట్రాల్, స్థూలకాయం, పొగ తాగడం, మద్యం, తలకి దెబ్బలు, కదలిక లేని జీవితం, కలుషితమైన గాలి, ఒంటరితనం, వీటితో పాటు డిప్రెషన్. ఈ పద్నాలుగింటినీ సరిదిద్దగలిగితే మతిమరుపు జబ్బుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని ఆ నివేదిక లెక్క.

ఇక మూడోది, మనకి సులువుగా అర్థమయ్యేది. మరచిపోతున్నానని తనకే తెలుస్తున్నప్పుడు కలిగే దుఃఖం. ఇంటెడు వంట ఒంటి చేత్తో వండి పెట్టిన మనిషి, పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక గరిటె పట్టుకుని నిలబడిపోయినప్పుడు ఆమె లోపల ఏం జరుగుతుందో ఏ స్కానూ చూపించదు. మనమే ఊహించుకోవాలి.

అల్జీమర్స్ ఉన్నవారిలో ఎంతమందికి డిప్రెషన్ ఉంటుందన్న లెక్క, ఏ కొలత వాడారన్న దాన్ని బట్టి మారుతుంది. గట్టి కొలతతో చూస్తే ఎనిమిది మందిలో ఒకరికి, కాస్త విశాలంగా చూస్తే అయిదుగురిలో ఇద్దరి దాకా ఉంటుంది. ఏ లెక్క తీసుకున్నా అరుదైన సంగతి మాత్రం కాదు.

ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

మా బంధువుల్లో ఒకావిడని నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. భర్త పోయిన ఏడాదికి ఆవిడ బాగా మందగించింది. ఏమడిగినా "నాకు తెల్వది బిడ్డా" అనేది. వారం పేరు అడిగినా అదే జవాబు, మనవడి పేరు అడిగినా అదే జవాబు. యాదిమరుపు జబ్బని అందరూ నిర్ణయించేశారు. తాళంచెవులు, డబ్బు, వంటగది, ఒక్కొక్కటీ ఆవిడ చేతిలోంచి తీసేసుకున్నారు. చివరికి కూతురు పట్టుబట్టి డాక్టరుకి చూపించింది. రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువగా ఉందనీ, దాంతోపాటు గట్టి డిప్రెషన్ ఉందనీ తేలింది. ఇంజెక్షన్లు, మందులు వాడారు. నాలుగైదు నెలలకి పెద్దమ్మ లేచి, "నా బీరువ తాళం ఏది?" అని అడిగింది! ఆ మాట విని ఆ ఇంట్లో అందరూ సంతోషంతో ఏడ్చారు.

అందరి కథా ఇలా ముగియదు. కానీ పరీక్ష చేయించకుండా నిర్ణయించేయకూడదన్నదే ఇందులో నీతి. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, చెవులు వినబడకపోయినా, కొన్నిరకాల నిద్రమాత్రలు వాడినా మరుపు జబ్బులాగే కనిపిస్తుంది. ఇవన్నీ సరిచేయగలిగినవే.

వైద్యులు చెప్పే తేడాలు కొన్ని మనమూ గమనించవచ్చు. డిప్రెషన్ వల్ల వచ్చిన మరుపు సాధారణంగా కొన్ని వారాల్లోనో నెలల్లోనో పెరుగుతుంది. ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ళు చెప్పగలుగుతారు. ఆ మనిషే "నాకేం గుర్తుంటలేదు" అని పదే పదే చెప్పుకుంటుంది, ప్రశ్న అడిగితే ప్రయత్నించకుండానే తెలియదంటుంది. అల్జీమర్స్ మరుపు ఏళ్ళ తరబడి చాపకింద నీరులా వస్తుంది. ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. ఆ మనిషి మరుపుని కప్పిపుచ్చుకుంటుంది, ఏదో ఒక జవాబు చెప్పేస్తుంది. తెలిసిన దారిలోనే తప్పిపోతుంది.

రెండూ కలిసి ఉన్నవారిలో గుర్తుపట్టడం ఇంకా కష్టం. వాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. చెప్పడానికి మాట దొరకదు. దిగులు చిరాకుగా బయటికొస్తుంది. నలుగురిలోకి రావడం మానేస్తారు. ఇష్టమైన పని మీద, ఇష్టమైన మనిషి మీద కూడా ఆసక్తి పోతుంది. తిండి తగ్గుతుంది, తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం అయ్యేసరికి ఊరికే ఏడుపు వస్తుంది. అల్జీమర్స్‌లో వచ్చే డిప్రెషన్‌ని గుర్తించడానికి నిపుణులు 2002లో ప్రత్యేకంగా తయారుచేసిన లక్షణాల పట్టికలో చిరాకునీ, నలుగురికీ దూరం కావడాన్నీ చేర్చింది ఇందుకే. అంతకుముందే 1988లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 19 అంశాల పట్టిక ఒకటి తయారుచేశారు. దాని ప్రత్యేకత ఏమిటంటే, రోగిని మాత్రమే కాదు, దగ్గరుండి చూసుకునే మనిషిని కూడా అడగాలి. అంటే మన ఇళ్ళలో అయితే కోడలినో కూతురినో అన్నమాట. మీరు చూసిందీ, మీరు చెప్పిందీ అక్కడ సాక్ష్యం.

ఒక్క మాట మాత్రం ఎన్నటికీ తేలిగ్గా తీసుకోకండి. "సచ్చిపోతె మంచిగుండు", "నేను మీకు బరువైన" అని పెద్దవాళ్ళు అంటే అలవాటు మాటగా కొట్టిపారేయవద్దు. మనది పత్తి పండించే జిల్లా. పురుగుమందు డబ్బా లేని రైతు ఇల్లు అరుదు. మరుపు ఉన్న మనిషి ఉన్న ఇంట్లో, రంది ఉన్న మనిషి ఉన్న ఇంట్లో ఆ డబ్బాకి తాళం పడాలి. ఆ మాట విన్న రోజునే డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

మన లెక్క, మన భాషలు

దేశవ్యాప్తంగా జరిగిన ఒక పెద్ద సర్వే ఆధారంగా 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం, మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉంది. మగవారి కంటే ఆడవారిలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. ఇది కేవలం ఒంటికి సంబంధించిన తేడా అనుకోవద్దు. బడికి పంపని ఆడపిల్ల యాభై అరవై ఏళ్ళ తర్వాత ఆ లెక్కలోకి వస్తుంది. చదువు మెదడుకి ఒక నిల్వధనం లాంటిది. కరువు వచ్చినప్పుడు గాదెలో గింజలు ఆదుకున్నట్టు అది ఆదుకుంటుంది. ఆ గాదె నింపుకునే అవకాశం మన అమ్మమ్మలకి దొరకలేదు.

అయితే వాళ్ళకి ఇంకో నిల్వ ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. ఈ పరిశోధనని ప్రపంచమంతా గుర్తించింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన ఆదిలాబాద్ బజారే గుర్తొచ్చింది. కూరగాయలమ్మే ఆమె మనతో తెలుగులో, పక్కావిడతో ఉర్దూలో, పెన్‌గంగ అవతలి నుంచి వచ్చినవాళ్ళతో మరాఠీలో బేరమాడుతుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు వెళితే ఇంట్లో గోండీయో కొలామీయో, సంతలో తెలుగు. "ఆమెకు అక్షరం రాదు" అని మనం తక్కువగా చూసే మనిషి రోజూ మూడు భాషల మధ్య మెదడుకి కసరత్తు చేయిస్తున్నదన్నమాట! ఆ భాషలు జబ్బుని పూర్తిగా ఆపవు. కానీ మాట్లాడటానికి మనిషి ఉంటేనే కదా ఏ భాషయినా పనికొచ్చేది. పిల్లలు పట్నాలకి వెళ్ళిపోయి, ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడుతుంటే ఆ మూడు భాషలూ మూగబోతాయి.

మందు ఎంత, మాట ఎంత?

అల్జీమర్స్‌కి డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులున్నాయి. అవి జబ్బుని మాన్పవు. కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి.

మరి దాంతోపాటున్న డిప్రెషన్‌కి? ఇక్కడే మెదడు పరిశోధన చెప్పిన సంగతి అసలు అవసరానికి వస్తుంది. మామూలు డిప్రెషన్‌కి బాగా పనిచేసే మందులు ఇక్కడ అంతగా పనిచేయకపోవచ్చు. ఇంగ్లండులో అల్జీమర్స్, డిప్రెషన్ రెండూ ఉన్న 326 మందికి కొందరికి సెర్ట్రలిన్, కొందరికి మిర్టాజపిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. మూడు గుంపుల్లోనూ దిగులు దాదాపు ఒకేలా తగ్గిందని 2011లో ప్రకటించారు. రెండు దిగుళ్ళూ పైకి ఒకలాగే కనిపించినా మెదడులో వాటి వేళ్ళు వేరు కావచ్చునన్న ఆలోచనకి ఇది కూడా ఒక కారణం. అలా అని మందులు దండగ అని కాదు. దిగులు తీవ్రంగా ఉన్నప్పుడు, ఇంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్ వచ్చి మందులతో తగ్గినప్పుడు డాక్టర్లు ఇస్తారు. వాడుతున్నవారు తమంతట తాము ఆపేయకూడదు. డాక్టరు చెప్పకుండా మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తేవడం మాత్రం అసలే వద్దు. కొన్ని పాత రకం మందులు జ్ఞాపకశక్తిని ఇంకా దెబ్బతీస్తాయి.

ఆ ఇంగ్లండు పరిశోధనలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ దిగులు ఎందుకు తగ్గింది? వారందరికీ మామూలుగా అందే సేవలు అందాయి. ఎవరో ఒకరు వచ్చి పలకరించారు, ఎలా ఉన్నారని అడిగారు. కొందరిలో దిగులు కాలంతో పాటు దానంతట అదే తగ్గి ఉండొచ్చు కూడా. అయినా ఆ పలకరింపుని చిన్నచూపు చూడకూడదు. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మరో పెద్ద విశ్లేషణలో 256 పరిశోధనలను కలిపి చూశారు. మతిమరుపు ఉన్నవారిలో దిగులు తగ్గడానికి మెదడుకి చిన్న చిన్న పనులు చెప్పడం, నలుగురితో కలిసి చేసే వ్యాయామం, పాత జ్ఞాపకాలు మాట్లాడించడం, ఒంటికి మర్దన చేయడం, చేయి పట్టుకోవడం లాంటివి మేలు చేశాయని తేలింది.

ఇవన్నీ మన ఇంట్లో లేనివా? తలకి నూనె పెట్టి, జడ వేస్తూ "అత్తమ్మా, మీ పెండ్లికి ఎడ్లబండి మీద వచ్చిండ్రా?" అని అడగడానికి ఎవరి ప్రిస్క్రిప్షన్ కావాలి? చిక్కుడుకాయ ఈనెలు తీయమని పళ్ళెం ముందు పెట్టండి. సగం సరిగా తీయకపోయినా ఫర్వాలేదు, ఆమె ముందు మాత్రం మళ్ళీ తీయకండి. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. "పొద్దున చెప్పిన గదా, యాదికి లేదా?" అన్న ప్రశ్న మానేయండి. యాదికి లేదనే కదా జబ్బు! లేవడం, స్నానం, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకి జరిగేలా చూడండి. ఎండ పొడలో కాసేపు నడిపించండి. చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. వినబడని మనిషి లోకానికి దూరమవుతుంది, దూరమైన మనిషికి రంది పడుతుంది.

చూసుకునే ఆమెను ఎవరు చూసుకుంటారు?

ఇంతవరకూ చెప్పినవన్నీ ఎవరు చేయాలి? మన ఇళ్ళలో ఆ పని కోడలిదో, పెళ్ళికాని కూతురిదో, అదే వయసు మళ్ళిన భార్యదో అవుతుంది. రాత్రి మూడుసార్లు లేచి, పొద్దున మళ్ళీ పిల్లల టిఫిను డబ్బాలు కట్టే మనిషి ఆమె. "పిచ్చిదాన్ని ఇంట్ల పెట్టుకుని అన్నం పెట్టదంట" అని అత్తగారు ఇరుగుపొరుగుతో చెబితే ఆ నింద మోసేదీ ఆమే. అన్నం తిన్న సంగతి అత్తగారు మరచిపోయారని వీధికెక్కి చెప్పుకోలేదు కదా!

మతిమరుపు ఉన్నవారిని చూసుకునేవారిలో కూడా డిప్రెషన్ ఎక్కువని ఎన్నో దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఒక ఇంట్లో రంది ఒకరితో ఆగదు. కాబట్టి ఈ పని ఒక్కరిదే కాకూడదు. కొడుకు తన తల్లికి స్నానం చేయించలేకపోవచ్చు, రాత్రి కాపలా ఉండగలడు. వారానికి ఒక పూటయినా తల్లిని తనకప్పగించి భార్యని పుట్టింటికో, గుడికో, ఊరికే నిద్రపోవడానికో పంపగలడు. దూరంగా ఉన్న ఆడబిడ్డ ఫోనులో సలహాలు చెప్పడం తగ్గించి ఏడాదికో నెల తల్లిని తన దగ్గర ఉంచుకోవచ్చు, లేదా తానే వచ్చి ఉండొచ్చు. అలా ఇల్లు మారిస్తే పెద్దవాళ్ళకి గందరగోళం పెరుగుతుంది గనక తానే రావడం మేలు.

ఎక్కడికి వెళ్ళాలి?

ఒకప్పుడు మన వాళ్ళు నరాల డాక్టరుకి చూపించాలంటే మూడు వందల కిలోమీటర్ల హైదరాబాదుకో, రెండు వందల కిలోమీటర్ల నాగపూరుకో బస్సెక్కాల్సిందే. పెట్ స్కాన్ లాంటివాటికి పెద్ద నగరాలకి వెళ్ళక తప్పదు. కానీ మొదటి అడుగుకి అంత దూరం అక్కర్లేదు. ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల 2008లో వచ్చింది. పాత జిల్లాలోని మంచిర్యాలలో 2022లో, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రక్తపరీక్షలు, మానసిక వైద్యుల సలహా అక్కడ అడగవచ్చు. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. 14416 నంబరుకి ఫోన్ చేస్తే మానసిక సమస్యల గురించి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవారి కోసం 14567 అన్న ఎల్డర్ లైన్ ఉంది. ఈ రెండిటికీ డబ్బు కట్టక్కర్లేదు. చూసుకునేవాళ్ళు తమ బాధ చెప్పుకోవడానికి కూడా ఫోన్ చేయవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి. అందులో వాడుతున్న మందుల పేర్లు అన్నీ రాయండి. ఆపైన మూడు విషయాలు రాయండి. ఇదివరకు చేసే పనుల్లో ఆమె ఏవేవి మానేశారు? చేయలేక మానేశారా, చేయబుద్ధి కాక మానేశారా? ఎప్పటి నుంచి? పోయిన బతుకమ్మకి పాట అందుకుని ఈసారి గడప దాటి రాకపోతే అది కూడా రాయండి. పాట మరచిపోయారా, లేక పాట మీద మనసే పోయిందా అన్న తేడా డాక్టరుకి ఎంతో ముఖ్యం. దగ్గరుండి చూసిన మీకు తప్ప ఆ తేడా చెప్పగలిగినవాళ్ళు వేరే ఎవరూ లేరు.